మసక వెలుతురు కోసం పుట్టిన ప్లేట్ కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత కెమెరాల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా 1920ల నాటి జర్మన్ ప్లేట్ కెమెరా ఎర్మనాక్స్ గురించే. ఒకే సంగతి అడిగినవాళ్లని కలిపేసి, పనికొచ్చే ప్రశ్నలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా జేజినాయన ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన ట్రంకుపెట్టెలో నల్లతోలు అంటించిన చిన్న కెమెరా దొరికింది. పెట్టెకంటే ముందున్న లెన్సే పెద్దదిగా ఉంది. 'ఎర్నెమన్, డ్రెస్డెన్' అని రాసుంది. ఇది అరుదైన ఎర్మనాక్స్ అంటున్నారు. నిజమేనా? (పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి)

కావచ్చు. కానీ ఎర్నెమన్ పేరు కనిపించినంత మాత్రాన ఎర్మనాక్స్ అయిపోదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆ కంపెనీ మామూలు మడత కెమెరాలు బోలెడు చేసింది. వాటి లెన్స్ మీద 'డిటెక్టివ్ ఆప్లనాట్' అనో మరొకటో ఉంటుంది, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/6.8 దగ్గర ఉంటుంది. మీరు చూడాల్సింది లెన్స్ ముందు రింగు. దాని మీద 'ఎర్నోస్టార్' అన్న పేరు, పక్కన 1:2 లేదా 1:1.8 అన్న అంకె ఉండాలి. అప్పటి జర్మన్ కంపెనీలు ఎఫ్/2ని 1:2 అనీ, ఫోకల్ లెంగ్త్‌ని సెంటీమీటర్లలోనూ రాసేవి. 100 మి.మీ. లెన్స్ మీద 10 సెం.మీ. అనే ఉంటుంది.

తర్వాత వెనకవైపు చూడండి. 1924లో వచ్చిన మొదటి రకం 4.5 × 6 సెం.మీ. గాజు ప్లేటు కోసం చేసింది. మడతపెట్టే బెలోస్ దానికి ఉండదు, పెట్టె గట్టిగా ఉంటుంది. షట్టర్ లెన్స్‌లో కాకుండా ప్లేటుకి సరిగ్గా ముందు గుడ్డ తెరలా ఉంటుంది. బెలోస్ ఉన్న పెద్ద సైజు ఎర్మనాక్స్‌లు తర్వాత వచ్చాయి. 1926లో ఎర్నెమన్ మరో మూడు కంపెనీలతో కలిసి జైస్ ఐకాన్ అయింది కాబట్టి, ఆ పేరు ఉన్న కెమెరా ఆ ఏడాదికి ముందుది కాదు.

ఇంకొక పరీక్ష ఉంది. లెన్స్‌ని కిటికీకేసి వంచి, దానిమీద పడే ప్రతిబింబం రంగు చూడండి. ఊదాగానో నీలంగానో మెరిస్తే అనుమానించాలి. ప్రతిబింబాలు తగ్గించే పూత 1935 తర్వాతి సంగతి. అసలు ఎర్నోస్టార్ మీద తెల్లటి ప్రతిబింబమే కనిపిస్తుంది. పూత కనిపిస్తే ఎవరో తర్వాత పూయించి ఉండాలి, లేదా లెన్స్‌నే మార్చి ఉండాలి.

ఈ లెన్స్‌ని లెక్కగట్టినవాడు లుడ్విగ్ బెర్తెలె. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు. 1930ల్లో కాంటాక్స్ కెమెరాలకి వచ్చిన సోనార్ లెన్స్‌లు కూడా ఆయనవే. ఎఫ్/4.5 లెన్స్‌తో పోలిస్తే ఎఫ్/2 సుమారు 5 రెట్లు, ఎఫ్/1.8 సుమారు 6 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. ఈ కెమెరా గొప్పంతా అందులోనే ఉంది. కష్టం కూడా అక్కడే మొదలవుతుంది, కింద పుత్తూరు పాఠకుడి ప్రశ్న చూడండి.

ప్రశ్న: టోపీలో కెమెరా దాచి కోర్టులో ఫొటోలు తీసింది దీనితోనేనా? (విద్యార్థి, తిరుపతి)

దీనితోనే. న్యాయశాస్త్రం చదివిన బెర్లిన్‌వాసి ఎరిక్ సాలమన్ 1928లో ఒక హత్యకేసు విచారణని అలా తీశాడు. తర్వాత అంతర్జాతీయ సమావేశాల్లో మంత్రులు అలిసి కుర్చీల్లో వాలిన దృశ్యాలు తీసి పేరు తెచ్చుకున్నాడు. ఫ్లాష్ పౌడర్ పొగ లేకుండా గది దీపాలతోనే తీయడమే ఆయన కిటుకు. చేతిలో పట్టుకుని ఇష్టమొచ్చినట్టు క్లిక్కులు కొట్టాడనుకోకండి. వీలైన చోటల్లా స్టాండు వాడి, ఎదుటి మనిషి కదలని క్షణం కోసం కాచుకునేవాడు. యూదుడు కావడంతో నాజీల చేతికి చిక్కి 1944లో ఆష్విట్జ్‌లో చనిపోయాడు.

ప్రశ్న: గాజు ప్లేట్లు దొరకడం లేదు. ప్లేట్ హోల్డర్లు మూడు ఉన్నాయి. ఎక్స్‌రే ఫిల్మ్ కోసి వేస్తే సరిపోతుందా? (స్టూడియో యజమాని, గ్రీంస్‌పేట, చిత్తూరు)

పగటిపూట హోల్డర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోడానికి సరిపోతుంది. చవక, ఎర్రలైటు కింద కోసుకోవచ్చు. రాత్రిపూట మాత్రం నిరాశపరుస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి నీలం, మహా అయితే ఆకుపచ్చ కనిపిస్తాయి, ఎరుపు కనిపించదు. నూనెదీపం, పాతరకం బల్బు ఇచ్చే వెలుతురులో ఎక్కువభాగం ఎరుపూ నారింజా. ఎంత ఎఫ్/2 అయినా, ఫిల్మ్‌కి కనబడని వెలుతురు ఎన్ని రెట్లు పంపితే ఏం లాభం? పైగా దానికి రెండువైపులా ఎమల్షన్ (వెలుతురుకి స్పందించే పూత) ఉంటుంది, ఇట్టే గీతలు పడుతుంది.

ఇప్పుడు కొందరు చేతితో చేసి అమ్ముతున్న డ్రై ప్లేట్ల వేగం ఐఎస్ఓ 2 దగ్గర ఉంటుంది. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌తో 1/30 సెకనులో అయ్యే పనికి వాటితో 6 సెకన్లు దాటుతుంది. అవి కూడా నీలానికే స్పందిస్తాయి కాబట్టి దీపం దగ్గర ఇంకా ఎక్కువ పడుతుంది.

అన్ని రంగులకీ స్పందించే షీట్ ఫిల్మ్ వాడండి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 4 × 5 అంగుళాల షీట్ ఒక్కోదానిలో 4 ముక్కలు వస్తాయి. పొడవువైపు రెండు, వెడల్పువైపు రెండు. ముందుగా మీ ఫిల్మ్ షీత్ (హోల్డర్‌లో ఫిల్మ్‌ని పట్టే పల్చటి రేకు తట్ట) లోపలి కొలత వెర్నియర్‌తో తీసుకోండి. ఫిల్మ్ దానికంటే అర మిల్లీమీటరు తక్కువ ఉండాలి. షీత్ 44 × 59 మి.మీ. ఉంటే 43.5 × 58.5 కోయాలి. బిగుతుగా ఉంటే మధ్యలో ఉబ్బుతుంది.

ఈ ఫిల్మ్‌కి ఎర్రలైటు కూడా పనికిరాదు, పూర్తి చీకట్లో కోయాలి. కటింగ్ మిషన్ మీద కొలతకి ఒక స్కేలు ముక్క అంటించుకుని, పాత కాగితాలమీద పదిసార్లు చెయ్యి తిప్పుకున్నాకే ఫిల్మ్ ముట్టుకోండి. ఒక ముఖ్యమైన సంగతి: షీట్ మూలనున్న గంట్లు చూసి ఎమల్షన్ ఎటువైపుందో పోల్చుకుంటాం కదా, కోశాక మూడు ముక్కలకి ఆ గుర్తు పోతుంది. అందుకే కోసిన ప్రతి ముక్కకీ అప్పటికప్పుడే, ఎమల్షన్ మనవైపు ఉండగా కుడి పైమూల చిన్నగా కత్తిరించండి. రెండు ముక్కలు కలిసిపోయాక వేలితో తడిమి తేల్చుకోవడం అందరివల్లా కాదు.

120 రోల్ ఫిల్మ్ కోయొచ్చా అని ఇంకొందరు అడిగారు. కోయొచ్చు గానీ మేం వద్దంటాం. షీట్ ఫిల్మ్ మందం 0.18 మి.మీ., రోల్ ఫిల్మ్‌ది 0.11. పల్చగా ఉండి చుట్టుకుపోతుంది, షీత్‌లో చదునుగా కూర్చోదు.

ప్రశ్న: గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ కనిపించే వెనక గరుకు గాజు) మీద భూతద్దం పెట్టి, టేపుతో 3 మీటర్లు కొలిచి మరీ ఫోకస్ చేస్తున్నా. ఫొటోలో మనిషి మసగ్గా, ఆయన ముందున్న బల్ల స్పష్టంగా వస్తోంది. ప్రతి ఫొటోలోనూ ఇదే వరస. లెన్స్ పాడైందా? (పాఠకుడు, పుత్తూరు)

లెన్స్ పాడైతే అంతా మసగ్గా వచ్చేది. మీకు బల్ల స్పష్టంగా వస్తోంది కాబట్టి లెన్స్ బాగానే ఉంది, ఫిల్మే ఉండాల్సిన చోట లేదు. ప్రతిసారీ ఒకేవైపు, ఒకే దూరం తప్పుతోందంటే మీ కొలతల తప్పు కూడా కాదు.

హోల్డర్‌ని గాజు ప్లేటు కోసం చేశారు. ప్లేటుని వెనకనుంచి స్ప్రింగు ముందంచుకి నొక్కిపెడుతుంది, దాని ఎమల్షన్ ముఖం సరిగ్గా ఆ అంచు దగ్గర ఆగుతుంది. గ్రౌండ్ గ్లాస్ గరుకుముఖం కూడా అంతే లోతులో ఉండేట్టు ఫ్యాక్టరీలో అమర్చారు. మీరు షీత్‌లో ఫిల్మ్ పెట్టినప్పుడు హోల్డర్ అంచుకి ఆనేది షీత్ మడత. ఫిల్మ్ ఆ మడతకి వెనక ఉంటుంది. రేకు మందాన్ని బట్టి 0.2 నుంచి 0.3 మి.మీ. వెనక్కి జరిగిందన్నమాట.

0.3 మి.మీ.కి ఇంత గొడవా అంటారేమో, లెక్క చూడండి. 4.5 × 6 నెగటివ్‌లో 0.05 మి.మీ. దాకా మసకని కన్ను క్షమిస్తుంది. ఎఫ్/2 దగ్గర ఫిల్మ్ ముందుకో వెనక్కో 0.1 మి.మీ. జరిగితే ఆ హద్దు చేరిపోతుంది. 100 మి.మీ. లెన్స్‌ని 3 మీటర్లకి పెట్టి, ఫిల్మ్ 0.3 మి.మీ. వెనక ఉంటే ఫోకస్ 2.77 మీటర్ల దగ్గర పడుతుంది. 3 మీటర్ల దగ్గర ఎఫ్/2లో స్పష్టంగా వచ్చే మేర మొత్తం 17 సెం.మీ.: 2.92 నుంచి 3.09 వరకు. ఫోకస్ 2.77కి రావడంతో ఆ మేర కూడా ముందుకి జరిగింది, మీ మనిషి దానికి బయట ఉన్నాడు, బల్ల లోపల ఉంది. మామూలు ఎఫ్/6.3 ప్లేట్ కెమెరాలో ఇదే తేడా ఉన్నా ఎవరి కంటా పడేది కాదు.

సరిచేసే పద్ధతి ఇది. పొడుగాటి బల్లమీద టేపు పరిచి, అది కెమెరావైపు ఏటవాలుగా వచ్చేలా పెట్టండి. 3 మీటర్ల గుర్తు దగ్గర ఒక అగ్గిపెట్టె నిలబెట్టి, దాని అక్షరాలమీద గ్రౌండ్ గ్లాస్‌తో ఫోకస్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీయండి. నెగటివ్‌ని భూతద్దంతో చూస్తే ఏ సెంటీమీటరు అంకె పదునుగా ఉందో తెలుస్తుంది. 3 మీటర్ల దగ్గర ఫోకస్ ఎన్ని సెం.మీ. ముందుకి వచ్చిందో చూసి, ప్రతి 8 సెం.మీ.కి 0.1 మి.మీ. చొప్పున లెక్కేయండి. 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. 23 సెం.మీ. తేడా ఉంటే మూడు కాగితాలన్నమాట. గ్రౌండ్ గ్లాస్ తీసి, అది ఫ్రేములో కూర్చునే అంచుల మీద, గాజుకి ముందువైపు, అంత మందంలో సన్నటి కాగితం పీలికలు పెట్టి మళ్లీ బిగించండి. గరుకువైపు లెన్స్‌కేసే ఉండాలి. తిప్పి బిగిస్తే గాజు మందమంతా కొత్త తప్పుగా చేరుతుంది. కాగితం తేమకి ఉబ్బుతుంది కాబట్టి, కొలత కుదిరాక అంతే మందం ప్లాస్టిక్ షీటు పీలికలు మార్చి పెట్టుకోవడం మంచిది.

దీనితో రెండు పనులు మిగులుతాయి. లెన్స్ చుట్టూ ఉన్న మీటర్ల స్కేలు గాజు ప్లేటు లెక్కలోది, షీత్‌తో అది అబద్ధం చెబుతుంది. 1.5, 2, 3, 5 మీటర్లకి గ్రౌండ్ గ్లాస్‌తో చూసి పల్చటి టేపుమీద కొత్త గుర్తులు పెట్టుకోండి. రెండోది, దూరం అనంతం దగ్గరికి తిప్పినా శేషాచలం కొండ అంచు పదునుగా రాదు. లెన్స్ అంతకంటే లోపలికి పోదు. రాత్రిపూట మనుషుల్ని తీసేవాళ్లకి దానితో పనిలేదు. కొండే కావాలంటే ఎఫ్/8కి మూసుకుని పగలు తీయండి.

అన్ని హోల్డర్లూ, అన్ని షీత్‌లూ ఒకటే మందం ఉంటాయనుకోకండి. ఒక్కోదానికి నంబరు వేసి విడివిడిగా పరీక్షించాలి. తేడాగా ఉన్నదాన్ని పక్కన పడేయడమే నయం.

ప్రశ్న: నెగటివ్ మీద నల్లటి చుక్కలు, ఒక్కోసారి తోకచుక్కల్లా గీతలు వస్తున్నాయి. ప్రింటులో అవే తెల్లగా కనిపిస్తున్నాయి. (పాఠకుడు, శ్రీకాళహస్తి)

షట్టర్ తెరకి చిల్లులు పడ్డాయి. రబ్బరు పూసిన గుడ్డ అది, నూరేళ్లకి పూత పగుళ్లిస్తుంది. డార్క్ స్లైడ్ (హోల్డర్ ముందుండే మూత రేకు) తీసి ఉంచినంతసేపూ చిల్లులోంచి వెలుతురు పడితే చుక్క, తెర కదులుతుండగా పడితే గీత.

చీకటి గదిలో హోల్డర్ తీసేసి, సెల్‌ఫోన్ లైటు లెన్స్‌కేసి పెట్టి వెనకనుంచి చూడండి. కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. తెరని కొంచెం కొంచెంగా తిప్పుతూ మొత్తం గుడ్డని చూడండి, మడతలు పడేచోట్లే ఎక్కువ ఉంటాయి. సూదిమొనంత చిల్లులు నాలుగైదైతే, నీళ్లతో పల్చన చేసిన నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్‌ని సన్న కుంచెతో రెండు పూతలు వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ మాత్రం వద్దు. మన ఎండలకి జిగురెక్కి, రోలరు మీద చుట్టుకున్న గుడ్డ పొరలు అతుక్కుపోతాయి. పెయింట్ మందంగా వేసినా తెర బరువెక్కి వేగం పడిపోతుంది. గుడ్డ పెళుసుగా విరుగుతుంటే పూతలతో లాభం లేదు, తెర మార్పించాలి.

షట్టర్ బిగించే ముందు డార్క్ స్లైడ్ వేసే అలవాటు చేసుకోండి. బిగించేటప్పుడు తెరలోని చీలిక (వెలుతురు ప్లేటు మీద పడే సందు) మూసుకుంటుందో లేదో కెమెరా కెమెరాకీ చూసుకోవాల్సిందే. వాడనప్పుడు స్ప్రింగు బిగించి ఉంచకండి. నెమ్మది వేగాలు సరిగ్గా ఉన్నాయో తెలియాలంటే, వెనక తెల్లగోడ పెట్టి తెరని ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీయండి. 1/20 అంటే ఒక బిందువు దగ్గర 12 ఫ్రేములు తెరిచి కనిపించాలి. 16 కనిపిస్తే నిజమైన వేగం 1/15.

ప్రశ్న: తిరుచానూరు తెప్పోత్సవం, కపిలతీర్థంలో కార్తీక దీపాలు ఈ కెమెరాతో తీయాలని ఉంది. వెలుతురు లెక్క చెప్పండి. (పాఠకురాలు, తిరుచానూరు)

ఎఫ్/2, ఐఎస్ఓ 400 లెక్కలో చెబుతాం. విద్యుద్దీపాలు దండిగా ఉన్న తెప్పకి 1/50 దగ్గర మొదలుపెట్టండి. దీపాల వరసకి అడుగు దూరంలో ఉన్న ముఖానికి 1/15 కావాలి. ఈ కెమెరాలో అన్నిటికంటే నెమ్మది వేగం 1/20 కాబట్టి ఫిల్మ్‌ని 800గా లెక్కేసి 1/30 దగ్గరి వేగంతో తీసి, డెవలపింగ్‌లో పెంచుకోవడం తేలిక. అంతకంటే మసక వెలుతురైతే స్టాండు, టైమ్ సెట్టింగు (షట్టర్ తెరిచే ఉంచేది), లెన్స్ మూత. మూత తీసి, లెక్కపెట్టి, పెట్టేయడమే. ఫోన్ మీటరుని దీపంకేసి కాకుండా ముఖంకేసి పెట్టి చూడండి. దీపాన్ని కొలిస్తే ముఖం నల్లబారుతుంది.

ఇప్పటి ఉత్సవాల్లో ఎల్‌ఈడీ మాలలు ఎక్కువ. చవకరకంవి కరెంటుతోపాటు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. చీలిక తెర ప్లేటు మీదుగా జరుగుతూ పోతుంది కాబట్టి, 1/200, 1/500 లాంటి వేగాల్లో ఫొటోమీద అడ్డచారలు పడతాయి. 1/50 దగ్గర ఉంటే ప్రతి చోటా రెండు మిణుకులు పూర్తిగా పడి చారలు రావు.

పూతలేని లెన్స్ కావడంతో ఒక్కో గాజు ఉపరితలం 4, 5 శాతం వెలుతురుని వెనక్కి కొట్టి లోపలే తిప్పుతుంది. ఫోకస్ లైటు ఫ్రేము అంచున ఉన్నా బొమ్మంతా పాలిపోతుంది. నల్ల చార్టుతో గొట్టంలా హుడ్ చేసుకోండి, మూలలు కోసుకుపోకుండా గ్రౌండ్ గ్లాస్‌లో చూసుకుని కత్తిరించండి. జనంలో గ్రౌండ్ గ్లాస్ వాడే వీలుండదు. దూరం ముందే టేపుతో కొలిచి నేలమీద సుద్దగుర్తు పెట్టి, మనిషి అక్కడికొచ్చాకే నొక్కాలి. 2 మీటర్ల దగ్గర మీకున్న వెసులుబాటు 8 సెం.మీ. మాత్రమే. రెండు కళ్లూ పదునుగా రావాలంటే ముఖం నేరుగా ఉండాలి.

తిరుమల ఆలయంలోకి కెమెరా అనుమతించరు. మిగతాచోట్ల కూడా ముందే అడగండి, స్టాండు చూస్తే ఎవరో ఒకరు ఆపుతారు.

ప్రశ్న: మే నెలలో ట్యాంకు నీళ్లే కాగిపోతుంటాయి. డెవలపింగ్ ఎలా? (పాఠకుడు, చంద్రగిరి)

20 డిగ్రీలకోసం తంటాలు పడొద్దు, 24 దగ్గర నిలబెట్టండి. ఐస్ ముక్కలు డెవలపర్‌లో వేయకండి, పల్చబడిపోతుంది. పెద్ద టబ్బులో ఐస్ నీళ్లు పోసి సీసాలు అందులో నిలబెట్టండి. హెచ్‌పీ5కి ఐడీ-11 డెవలపర్‌ని నీళ్లు కలపకుండా నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర సమయాలు: ఐఎస్ఓ 400కి ఏడున్నర నిమిషాలు, 800కి పదిన్నర, 1600కి 14. 24 డిగ్రీల దగ్గర వీటిలో పదింట ఏడు వంతుల చొప్పున చాలు, అంటే 800కి ఏడుంబావు నిమిషాలు. ట్రేలో ఆపకుండా కదుపుతూ ఉంటే ఇంకో పది పదిహేను శాతం తగ్గించండి. లెక్క 5 నిమిషాల కిందికి వస్తే డెవలపర్‌ని సగానికి సగం నీళ్లతో పల్చన చేసి, 400కి 24 డిగ్రీల దగ్గర 9 నిమిషాలు ఇవ్వండి. లేకపోతే మరకలు మరకలుగా వస్తుంది.

స్టాప్ బాత్ (డెవలపింగ్ ఆపే ద్రావణం), హైపో (బొమ్మని నిలిపే ద్రావణం), కడిగే నీళ్లు అన్నీ డెవలపర్‌కి రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి. చల్లటి హైపోలోంచి తీసి వేడినీళ్లలో వేస్తే ఎమల్షన్ ముడతలు పడుతుంది. గాజు ప్లేటైతే అంచులనుంచి ఊడి వచ్చేస్తుంది. ఆఖరి కడుగు క్యాన్ నీళ్లతో చేయండి, బోరు నీళ్లు తెల్లమచ్చలు వదులుతాయి.

ప్రశ్న: లెన్స్ లోపల సాలెగూడులా బూజు కనిపిస్తోంది. (పాఠకుడు, పలమనేరు)

పైగాజు మీదైతే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇళ్లలో వాడే అమోనియా సమపాళ్లలో కలిపి, లెన్స్ కాగితాన్ని తడిపి పిండి, మధ్యనుంచి అంచుకి తుడవండి. కిటికీ తెరిచి ఉంచండి. చుక్కలుగా పోయొద్దు, స్పిరిట్‌లో నానబెట్టొద్దు. ఆ కాలంలో గాజుల్ని కెనడా బాల్సమ్ అనే బంకతో అతికించేవారు, ద్రావకాలు తగిలితే అది కరుగుతుంది. లోపలి గాజుల జోలికి మీరు వెళ్లకండి. ఎఫ్/2 లెన్స్‌లో గాజుల మధ్య దూరం వెంట్రుకవాసి మారినా పదును తిరిగిరాదు. బూజు గాజుని తినేసి ఉంటే తుడిచినా మచ్చ ఉంటుంది. చిన్నచిన్న మచ్చలవల్ల బొమ్మకి పెద్ద నష్టం లేదు, వదిలేయండి. దాచేటప్పుడు తోలుసంచిలో కాదు, సిలికా జెల్ వేసిన గాలిచొరని డబ్బాలో పెట్టండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో జెల్‌ని పదిహేను రోజులకోసారి వేయించి మార్చండి.

ప్రశ్న: విదేశాల్లో మంచి ధర వస్తుందట. కొరియర్‌లో పంపేయొచ్చా? (పాఠకుడు, తిరుపతి)

తొందరపడకండి. వందేళ్లు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం వర్తించవచ్చు, పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1924 నాటి కెమెరా ఇప్పటికే ఆ గీత దాటింది. కేంద్ర పురావస్తు శాఖ దగ్గర 'ఇది పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. ఇక్కడే అమ్మేట్టయితే లెన్స్ రింగు, షట్టర్ తెర, హోల్డర్ల ఫొటోలు దగ్గరగా తీసి పెట్టండి. అసలు హోల్డర్లు, గ్రౌండ్ గ్లాస్ లేని కెమెరాకి ధర బాగా తగ్గుతుంది కాబట్టి వాటిని విడిగా అమ్మకండి. తోలుకి పాలిష్ పట్టించొద్దు, ఇత్తడి భాగాలు రుద్ది మెరిపించొద్దు.